సాపు నేల

పోతూ పోతూ అనసూర్య రెండు మాటలు చెప్పింది. "ముందటి అర్రల తిరిగితే తిరుగు, మొన్న పోసిన సిమెంటు గట్టివడ్డది. నడిమి అర్రల మాత్రం అడుగు పెట్టకు, పొద్దుగాల్నే పోసిన్రు." కోడలు సంతోషి ఫోన్‌లో టైల్స్ బొమ్మలు తిప్పుతూ బూడిద రంగా, గంధం రంగా అని అడుగుతోంది, ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, ఆ హడావుడిలోనే అత్తాకోడళ్ళిద్దరూ ఎక్కేశారు. ఆటో చప్పుడు సందు చివరి దాకా వినిపించి మెయిన్‌రోడ్డు రొదలో కలిసిపోయింది. మేస్త్రీ మొగిలి అప్పటికే అన్నానికి వెళ్ళాడు. కొడుకు శివ ఓపెన్‌కాస్టు గనిలో డ్యూటీలో ఉన్నాడు, మనవరాలు బడిలో ఉంది. మంచాలు, బీరువా, టీవీ, బియ్యం డబ్బా, దేవుడి పటాలు అన్నీ వాకిట్లో టార్పాలిన్ కింద ఉన్నాయి. వాటి పక్కనే నులక మంచం మీద కొమురెల్లి కూర్చుని ఉన్నాడు. ఇల్లంతా ఖాళీ. ఆడవాళ్ళు టైల్స్ షాపులోకి వెళ్ళి గంట లోపల తేల్చుకుని రావడమన్నది జరగదు. ఆ గంటలో అతను కొత్త నేలను నేర్చుకోవాలి, ఎవరూ చూడకుండా నేర్చుకోవాలి. ఎందుకంటే కొమురెల్లికి కళ్ళు కనపడవు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక్కసారిగా పోతే తెలిసి ఉండేది. అట్లా పోలేదు, చెరువు ఎండినట్టు గట్టు వైపు నుంచి లోపలికి ఎండుతూ వచ్చింది. మొదట పక్కలు పోయాయి, పక్కన నిలబడ్డ మనిషి మాట్లాడితే తప్ప ఉన్నట్టు తెలిసేది కాదు. తర్వాత కుడికన్ను మొత్తం పోయింది. పింఛన్ పనుందని చెప్పి ఒక్కడే బస్సెక్కి కరీంనగర్ వెళ్ళి చూపించుకున్నాడు. గొంతును బట్టి డాక్టరు చిన్నపిల్ల. నరం ఎండిపోయింది, పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలి, మీతో ఎవరొచ్చారు అని అడిగింది. బయట ఉన్నారన్నాడు. బయట ఎవరూ లేరు. చుక్కల మందు కొన్నాళ్ళు స్నానాలగదిలో దాచుకుని వేసుకున్నాడు, ఉన్నది కూడా పోయింది. ఇప్పుడు ఎడమ కంటికి వెలుగుందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది, తెరిచిన తలుపు ఒక తెల్లటి మరక, మనిషి అడ్డమొస్తే ఆ మరక మాసిపోతుంది. పేపరు చదవలేక, అన్నీ అబద్ధాలే రాస్తున్నరు అని పేపరు మానేశాడు, ఇంట్లోవాళ్ళు దాన్ని ఒక అభిప్రాయం కింద తీసుకున్నారు. ముక్కలు కనపడక, పేకాటలో దొంగాట ఆడుతున్నవని నర్సింగాన్ని నలుగురిలో తిట్టి లేచి వచ్చేశాడు. ముప్పై ఏళ్ళు ఒకే బొగ్గుబాయిలో, ఒకే షిఫ్టులో, ఒకే డబ్బాలో అన్నం తిన్న నర్సింగం అప్పటి నుంచి మాట్లాడడం లేదు. ఆ ఒక్కటి తలుచుకుంటే కొమురెల్లికి ఇప్పటికీ బాధేస్తుంది. కానీ చేసేదేముంది, ఆటలో ఇస్పేటో కళావరో తెలియని మనిషి దొంగాట పేరు చెప్పి లేవడమే మర్యాద అనుకున్నాడు.

చెప్పొచ్చు కదా అంటే, చెప్పొచ్చు. చెప్పిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో అతనికి తెలుసు, ఈ ఇంట్లోనే ఒకసారి జరిగింది. తల్లి సారక్కకు చివరి రోజుల్లో కళ్ళు పోయాయి. నడిమి అర్రలో కిటికీ పక్క మూలకు మంచం వేశారు, ఆమె మంచికే వేశారు, ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. తింటే మూలకే, పంటే మూలకే, చుట్టాలొస్తే ఆ మూల వైపు తిరిగి, మంచిగున్నవా అవ్వా అని ఒక కేక వేసి మళ్ళీ వాళ్ళ ముచ్చట్లలో పడేవాళ్ళు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి అవ్వ మంచం మీద కూర్చుని కొమురెల్లే అడిగాడు, వంటింట్లో ఉన్న అనసూర్యను అడిగాడు, అవ్వ తిన్నదా అని. పక్కనే కూర్చున్న సారక్క అంది, "కండ్లు వోయినయ్ బిడ్డా, నోరు వోలేదు. నన్నే అడుగు." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత కూడా అడిగేది మాత్రం అనసూర్యనే. అట్లా అడగాలని ఎవరూ అనుకోరు, అట్లా అయిపోతుంది, అంతే. అతను పొద్దున్నే లేచి తన కాళ్ళ మీద తను సందు చివర హోటల్ దాకా వెళ్ళి చాయ్ తాగి వస్తాడు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్నానం చేస్తాడు, రాత్రి తలుపు గొళ్ళెం తనే వేస్తాడు. ఈ మూడూ పోకుండా ఉండాలి. అంతకు మించి ఆయుష్షు కూడా అడగడం లేదు.

ఇన్నాళ్ళూ దాగిందంటే అది నేల పుణ్యం. ఈ ఇంటి నేల సాపుగా ఉండదు. స్థలం కొని గోడలు లేపినప్పుడు మేస్త్రీ ఒకడు ఉండేవాడు, నేల వంతు వచ్చేసరికి వాడు పెళ్ళికని ఊరికి పోయి తిరిగి రాలేదు. ఒక ఆదివారం నర్సింగం, తనూ కలిసి షాబాద్ బండలు పరిచేశారు. లెవెల్ పైపు లేదు, దారం లేదు, కన్ను ఒక్కటే. ఆ కన్ను బాయిలో తయారైన కన్ను. బాయిలో నేల ఎక్కడా సాపుగా ఉండదు, బొగ్గు పొర ఎటు వాలితే దారి అటు వాలుతుంది, కిందికి పోతే డిప్పు, మీదికొస్తే రైజు, బయటపడాలంటే రైజు పట్టుకుని నడవాలి. వాళ్ళిద్దరూ పరిచిన నేల కూడా వాకిలి దగ్గర ఎత్తుగా మొదలై నడిమి అర్ర మీదుగా వంటింట్లోకి దిగింది. ముందటి అర్రలో చేజారిన ఉల్లిగడ్డ వంటింట్లో దొరికేది. నర్సింగం చూసి, మంచిగనే ఉన్నదిరా, డిప్పు రైజు అన్నీ వచ్చినయ్, ఇగ బొగ్గు టబ్బులు నడిపియ్యొచ్చు అన్నాడు. ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది. శివ చిన్నప్పుడు అమ్మ ఏదిరా అంటే డిప్పుల ఉన్నది అనేవాడు, వంటింట్లో ఉందని అర్థం. ఇప్పుడు మనవరాలు కూడా అట్లాగే అంటుంది, బాయి మొహం ఎన్నడూ చూడని పిల్ల.

చూపు తగ్గేకొద్దీ అతని పాదాలు ఆ వాలు పట్టుకున్నాయి. మంచం దిగి మడమ మీద బరువు పడితే మొహం వాకిలి వైపు ఉన్నట్టు, వేళ్ళ మీద పడితే వంటింటి వైపు. బీరువా దగ్గర రెండు బండల మధ్య వేలు పట్టేంత సందు, నడిమి అర్ర గడప దాటగానే ఒక బండ కదులుతుంది, అవ్వ మంచం కోళ్ళు ఆనిన చోట నాలుగు గుంటలు, స్నానాలగది ముందు నీళ్ళకు అరిగి నున్నబడ్డ బండ. లెక్కపెట్టుకోలేదు, బట్టీ పట్టలేదు. పాదాలే చూసుకున్నాయి. ఇంట్లో అతని నడక చూసి కళ్ళు లేని మనిషి అని ఎవరూ అనరు. ఒకసారి కరెంటు పోయి శివ గోడలు తడుముతుంటే, కొమురెల్లి లేచి వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చిచ్చాడు, శివ మెచ్చుకున్నాడు కూడా, బాయిల పనిచేసినోని కండ్లే వేరు అని.

అనసూర్యకు మాత్రం ఈ నేల మీద పగ. పెళ్ళయిన కొత్తల్లో కాదు, ఇల్లు కడగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ. ముందటి అర్ర కడిగితే నీళ్ళన్నీ వంటింట్లోకి వచ్చేవి, వంటిల్లు కడిగితే మూలకు నిలిచేవి, చీపురుతో ఎదురు తోసి తోసి ఆమె నడుము పోయింది. పోయిన వానాకాలం ఆ నున్నటి బండ మీద జారి ముంజేయి విరిగింది. కట్టు విప్పిన రోజు, టైల్స్ వేయించకపోతే నేను ఈ ఇంట్ల ఉండ అంది, శివ సరేనన్నాడు, కోడలు సరేనంది. మంచిగనే ఉన్నది గదా అని కొమురెల్లి ఒక మాట వేసి చూశాడు. "నీకు మంచిగనే ఉంటది. కడిగేది నేను గదా" అంది అనసూర్య. ఆమె అడిగింది న్యాయం, ఆ న్యాయం జరిగితే తను మూలకు పోతాడు. ఇద్దరికీ ఒకే నేల, ఇట్లా ఎన్నో ఇళ్ళల్లో ఉంటుంది, బయటికి రాదు.

పోయిన వారం బండలు లేపారు. గడ్డపార దెబ్బకు ఒక్కొక్క బండా లేస్తుంటే వాకిట్లో కూర్చుని వింటూ, ఇది కదిలే బండ, ఇది బీరువా కిందిది అని చప్పుడును బట్టి పోల్చుకున్నాడు. తర్వాత మొగిలి లెవెల్ పైపు తీశాడు, నీళ్ళు నింపిన సన్న పైపు, ఒక కొస ఈ గోడకు, ఇంకో కొస ఆ గోడకు పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి, అక్కడ గీత గీస్తారు. కాకా జర ఈ కొస పట్టు, నీళ్ళు గీత కాడికి రాంగనే చెప్పు అని మొగిలి పైపు చేతికిచ్చాడు. పైపు చల్లగా ఉంది, లోపల నీళ్ళు కదులుతున్నట్టు వేళ్ళకు తెలుస్తోంది. ఎక్కడున్నాయో తెలియదు. వచ్చినయ్ అంటే ఇల్లు మళ్ళీ వాలుతుంది, రాలేదంటే పొద్దంతా నిలబడాలి. నా చెయ్యి వణుకుతది, పని అమ్మకు ఇయ్యి అని, మొగిలి వెంట కూలికొచ్చిన ఆమెకు పైపు అప్పగించి తప్పుకున్నాడు. ఒక క్షణం మాత్రం, వచ్చినయ్ అనేస్తే అన్న ఆశ పుట్టింది. అనసూర్య ముంజేయి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఇంక ఆలోచిస్తే గంట గడిచిపోతుంది. లేచాడు. వాకిట్లో మట్టి పాతదే, అరుగు పాతదే, గడప దగ్గర మొదటి తేడా తగిలింది. ఇదివరకు గడప దాటితే పాదం కిందికి దిగేది, ఇప్పుడు టైల్స్ కింద పోసిన సిమెంటు బెడ్డు లేచి గడప అంచుకు సమానంగా వచ్చింది, దిగుతుందనుకున్న కాలు దిగకుండానే నేలను కొట్టుకుంది. దవడలు ఠక్కుమన్నాయి. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టేవాళ్ళ ముచ్చట్లు వినపడుతున్నాయి, వాళ్ళు చూస్తే, ఏందన్నా ఉత్త ఇంట్ల తిరుగుతున్నవ్ అని అడుగుతారు. తలుపు దగ్గరగా వేశాడు. వీపు తలుపుకు ఆనించి నిలబడి, ఇది వాకిలి, ఎదురుగా నడిమి అర్ర గుమ్మం, ఎడమ చేతికి కిటికీ అని మనసులో పెట్టుకుని నడిచాడు. సిమెంటు వాసన, తడి ఇసక వాసన. అరికాలికి గరుకుగా, పొడిగా, అంతటా ఒకే తీరుగా తగులుతోంది. మొగిలి పనిమంతుడే, అది ఒప్పుకోవాలి, ఎక్కడా గుంట లేదు గడ్డ లేదు. మడమ మీద బరువు లేదు, వేళ్ళ మీద బరువు లేదు, పాదం మొత్తం ఒకేసారి నేలను తాకుతోంది. ఏమీ చెప్పని నేల. అడుగులో అడుగు వేసి నడిమి గుమ్మం పక్క గోడ దాకా వెళ్ళాడు, చెయ్యి చాపితే గోడ దొరికింది, సంతోషమేసింది. ఇట్లా నాలుగుసార్లు తిరిగితే వచ్చేస్తుంది, ఏముంది ఇందులో, బాయిలో కొత్త బొగ్గు సీముకు పనికి వేసినప్పుడు మూడు రోజుల్లో దారులన్నీ వచ్చేవి. మళ్ళీ తలుపు దగ్గరికి. మళ్ళీ గోడ దగ్గరికి. మధ్యలో ఆగి, ఇప్పుడు గోడలు ముట్టుకోకుండా బీరువా ఉండే చోటికి పోవాలి అనుకున్నాడు, అటు తిరిగి ఒక కాలు ఎత్తాడు.

అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. రోజూ అయ్యేదే, ఈ వేళకే అయ్యేది, కిటికీ రెక్కలు గలగలమంటాయి, వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి చెప్పుకుంటాయి, ఇంట్లో ఎవరూ తల కూడా తిప్పరు. కానీ ఇప్పుడు ఖాళీ ఇంట్లో, మంచాలూ బట్టలూ లేని గోడల మధ్య ఆ చప్పుడు రెండింతలై తిరిగింది, బెడ్డు అరికాలి కింద అదిరింది. కొమురెల్లి ఒళ్ళు తన పని తను చేసింది. బాయిలో షాటు పేలితే బొగ్గు పిల్లరుకు వీపు ఆనించాలి, ముప్పై ఏళ్ళు నేర్చిన పని. గిరుక్కున తిరిగి పక్కకు రెండు అంగలు వేశాడు, వీపుకు పిల్లరు తగల్లేదు, గోడ తగల్లేదు, గాలి తగిలింది, తూలి నిలదొక్కుకుని ఇంకోవైపు తిరిగాడు. నిలబడ్డాక నవ్వొచ్చింది. రిటైరై ఇన్నేళ్ళయింది, ఇంకా షాటు ఫైరింగ్‌కు దాక్కుంటున్నావురా కొమురెల్లీ అనుకున్నాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే తెలిసింది, వాకిలి ఎటుందో తనకు తెలియదని.

పాదాలను అడిగాడు. రైజు ఎటు, పైకి పోతే వాకిలి. పాదాలు ఏమీ చెప్పలేదు. ఇటు వేస్తే సాపు, అటు వేస్తే సాపు. చేతులు చాపి ఒక అడుగు, ఏమీ లేదు. పదిమంది కూర్చుని అన్నం తింటే ఇరుకయ్యే అర్ర అది, దానికి ఇంత వెడల్పు ఎక్కడిదో అర్థం కాలేదు. భయమేసింది. పడతానన్న భయం కాదు, బాయిలో కప్పు విరిగి పడుతుంటే పరుగెత్తినవాడు అతను, ఆ భయం వేరు, అందులో ఏం చేయాలో తెలుస్తుంది. తన ఇంట్లో, తన పెళ్ళాం పసుపు రాసిన గడప ఎక్కడుందో తెలియక నడిమధ్యలో చేతులు చాపి నిలబడ్డ మనిషి భయం ఇది. అప్పుడు మొహానికి గాలి తగిలింది, చల్లగా, సన్నగా. కొత్తగా పనిలో చేరినప్పుడు బాయిలో పని చూసే సర్దార్ చెప్పిన మొదటి మాట, దారి తప్పితే గాలికి ఎదురు నడువు, మంచి గాలి బయటి నుంచే వస్తది, గాలి వచ్చినదిక్కే బతుకున్నది. ఆ మాట మీద ఒకసారి బయటపడ్డాడు కూడా. ప్రాణం లేచి వచ్చింది. గాలికి ఎదురుగా తిరిగితే ఎడమ కంటికి తెల్లటి మరక కూడా ఆనింది, తెరిచిన తలుపు. ఇంకేం కావాలి, నడిచాడు. వాకిలి తలుపు తనే మూశాడు, ఆ సంగతి బుర్రకు తెలుసు, కాళ్ళకు తెలియదు. వంటింటి వెనక తలుపు సిమెంటు ఆరడానికని అనసూర్య బార్లా తెరిచి పోయింది, గాలి అక్కడి నుంచి వస్తోంది. గుమ్మం కట్టె భుజానికి రాసుకుంది, వాకిలి అనుకున్నాడు, అమ్మయ్య అనుకుని పెద్ద అంగ వేశాడు.

పాదం దిగింది. పైపొర గట్టిపడుతున్నట్టే ఉండి చిట్లింది, కింద చల్లగా మెత్తగా వేళ్ళ మధ్యలోకి వచ్చింది. రెండో కాలు కూడా అప్పటికే పడిపోయింది. పొద్దుగాల్నే పోసిన్రు, అడుగు పెట్టకు. వెనక్కి తిరగాలి. ఎంత తిరిగితే వెనక్కి అవుతుంది? తిరిగాడు, నడిచాడు, మెత్తగానే ఉంది, ఇంకా నడిచాడు, మెత్తగానే ఉంది, మోకాలు గోడకు కొట్టుకుంది. గోడ పట్టుకుని నడిచాడు, మూల వచ్చింది, అక్కడి నుంచి అడ్డంగా కోస్తే గుమ్మం రావాలి అనుకుని చెయ్యి వదిలాడు, ఇంకో గోడ వచ్చింది. సిమెంటు పాదాలకు బరువుగా అంటుకుంటోంది. మొగిలి, పని అమ్మ పొద్దుటి నుంచి వంగి సాపు చేసే బద్దతో గుంజి గుంజి చేసిన పని, ఒక్కొక్క అడుగూ దాన్ని పాడుచేస్తోందని తెలుస్తూనే ఉంది, ఆగడం తెలియలేదు. చివరికి చేతికి ఒక మేకు తగిలింది, గోడలో దిగ్గొట్టిన ఇనుప మేకు, దాని పక్కన కిటికీ ఊచలు. దోమతెర కట్టడానికి తనే కొట్టిన మేకు. అవ్వ మూల. ఎక్కడికి పోవద్దనుకున్నాడో సరిగ్గా అక్కడికే తన కాళ్ళతో తనే వచ్చి నిలబడ్డాడు.

కదలకుండా నిలబడ్డాడు. బాయిలో ఇంకో రూలు ఉంది, ఇది ముందు గుర్తుకు రావాల్సింది. ల్యాంపు ఆరిపోతే కదలొద్దు, ఉన్నచోటే కూర్చో, ఎవరో ఒకరు వస్తరు. ఒకసారి అట్లా కూర్చున్నాడు, టోపీ మీది ల్యాంపు చచ్చిపోతే, నీళ్ళు కారే చప్పుడు వింటూ ఎంతసేపో. అప్పుడు సిగ్గు లేదు, ఓ అని కేకేశాడు, మళ్ళీ ఓ అన్నాడు, దూరం నుంచి నర్సింగం తిట్టుకుంటూ వచ్చాడు, వెలుగు కంటే ముందు తిట్టు వచ్చింది. ఆ తిట్టు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ చెప్పగలడు. ఇప్పుడు ఓ అంటే ఎదురింటివాళ్ళు వస్తారు. వచ్చి చెయ్యి పట్టుకుంటారు, అయ్యో అంటారు, సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. నోరుంది. అవ్వకూ ఉండేది. పాదాలు మండడం మొదలైంది, కిటికీ అవతల ఎవరిదో కోడి కొక్కరిస్తోంది, మొదటి షిఫ్టు దిగినవాళ్ళ బస్సు మెయిన్‌రోడ్డు మీద పోయింది. రానీ, ఎవరొస్తే వాళ్ళు రానీ అనిపించింది. ఇన్నాళ్ళు ఎంత బరువు మోశాడో ఆ నిమిషంలో తెలిసింది, పేపరు మీద అబద్ధం, పింఛన్ మీద అబద్ధం, నర్సింగం మీద అన్నిటికంటే పెద్ద అబద్ధం. అలసిపోయాడు. అంతే సంగతి, అలసిపోయాడు.

ఆటో ఆగింది. అనసూర్య గొంతు, దాని వెనక మొగిలి గొంతు, సందు మొదట్లో కలిసినట్టున్నారు. కోడలు పిల్లను తీసుకురావడానికి అటే బడికి పోయిందని ఎదురింటివాళ్ళకు చెబుతోంది. తలుపు తోసి, "తలుపెందుకు పెట్టుకున్నవ్" అంటూ లోపలికి వచ్చింది. ముందటి అర్ర దాటే చెప్పుల చప్పుడు నడిమి గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక దర్వాజ వెలుగులో ఆ నేల మీద అతని అడుగులు ఎట్లా కనపడుతున్నాయో కొమురెల్లికి తెలియదు, గోడ దాకా పోయి, గోడ వెంట పోయి, నడిమధ్యలో గుండ్రంగా తిరిగి, మళ్ళీ గోడకు పోయి, తలుపు పక్కనుంచే రెండుసార్లు దాటిపోయి. అనసూర్యకు అన్నీ కనపడుతున్నాయి.

"అయ్యో, గిదేంది చిన్నమ్మా! ఎవరు తొక్కిన్రు?" అన్నాడు మొగిలి.

"నేనే" అంది అనసూర్య. "పొయ్యేముందు తొక్కిన."

నేల మీద అంతేసి అడుగులు, మూలకు చీలమండల దాకా సిమెంటు పూసుకుని నిలబడ్డ మగమనిషి, అయినా నేనే అంది. మొగిలి చేతిలో తాపీ గోడకు ఆనించిన చప్పుడు వినపడింది.

"నువ్వెందుకు తొక్కుతవ్" అన్నాడు కొమురెల్లి. "నా కాళ్ళే. నాకు కనవడ్తలేదు."

"మొగిలీ, జరసేపు బయట కూసో" అంది అనసూర్య. అతను వెళ్ళాడు. గుమ్మం దగ్గరి నుంచి ఆమె ఊపిరి చప్పుడు వినపడింది.

"ఎన్నడి సంది?"

"పోయిన బతుకమ్మ సంది మొత్తం పోయింది. అంతకుముందుకెల్లే తగ్గుకుంట వచ్చింది."

"ఒక్క మంచం మీద పంటున్నం. నాకు చెప్పకపోతివి." కోపమే అది, జాలి కాదు. కొమురెల్లికి అందులో నర్సింగం తిట్టు వినపడింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు, దాచుకునే ఓపిక అయిపోయింది.

"అవ్వ లెక్క గీ మూలకు కూసోవెట్టకు అనసూర్యా. గదొక్కటే."

ఆమె చెప్పులు విప్పి పచ్చి బెడ్డులోకి దిగింది, ఎట్లాగూ పాడైన నేలే. వచ్చి అతని ముంజేయి పట్టుకుంది, గట్టిగా, నొప్పి పుట్టేట్టు పట్టుకుని వంటింటి గుమ్మం దాటించి, వెనక దర్వాజలోంచి నల్లా దగ్గరికి తీసుకెళ్ళి చప్టా మీద కూర్చోబెట్టింది. సిమెంటు కాళ్ళను తింటది, కదలకు అని గిన్నెలు తోమే పీచుతో రుద్దింది. రుద్దుతూనే మొగిలిని కేకేసి, పొద్దుగూకేలోపల మళ్ళీ బద్ద గుంజమంది, సరే చిన్నమ్మా అన్నాడు మొగిలి. తర్వాత అతని పాదాలు కొంగుతో తుడిచింది.

"రేపటి సంది గీ బెడ్డుకు నీళ్ళు కొట్టాలె" అంది. "టైల్స్ వచ్చేదాంక ఎండనియ్యద్దు. గోడ నుంచి గోడకు, మూల మూలకు, అంత తడవాలె. శివ డ్యూటీకి పోతడు, నా నడుముతోని కాదు. నువ్వే కొట్టు."

"పైపు పట్టుకొనా?"

"పైపు పట్టుకొని. ఉత్త కాళ్ళతోని తిరుగు, యాడ తడిసింది యాడ తడవలేదు నీ కాళ్ళకు తెలుస్తది. నేను చెయ్యి పట్ట."

"గోడకు కొట్టుకుంటే?"

"కొట్టుకో. గోడకేం కాదు."

అతను తల ఊపాడు. పనిలో వేసేటప్పుడు అడగాల్సిన మాట ఒకటి మిగిలింది, అది అడిగాడు.

"దినానికి ఎన్నిసార్లు?"

"మూడు షిఫ్టులు" అంది అనసూర్య, ముక్కు చీదుకుంటూ.